స్లాబుకు అంటిన పేపరు

కృష్ణమూర్తి సేటు మా ఇంటికి వచ్చిన పొద్దు నేను వాకిట్లో, స్లాబు పోసేటప్పుడు కింద పరిచే ఇనుప సెంట్రింగ్ డబ్బాలకు అంటిన సిమెంటు గీకుతున్నాను. ఏడేళ్ళలో ఆయన మా గల్లీలో కాలు పెట్టలేదు. జనగామ బజారులో ఎదురుపడితే నేను ఆగి మొహంలోకి చూసేదాన్ని, ఆయన పక్కనున్న ఏదో దుకాణంలోకి దూరేవాడు. ఒకసారైతే ఆడవాళ్ళ గాజుల దుకాణంలోకి దూరాడు. అలాంటి మనిషి స్కూటర్ దిగి, చేతిలో పళ్ళ సంచితో వచ్చి, "రేణుకమ్మా, మంచిగున్నవా బిడ్డా?" అన్నాడు.

బిడ్డనట! ఒళ్ళంతా మండిపోయింది. చేతిలో ఉన్న గీకుడు రేకు ఆయన మొహాన విసరాల్సిందే. కానీ ఆగాను. వీడు ఊరికే రాడు, ఏదో అవసరం పడింది అనుకున్నాను.

"కూసో సేటు" అని బోర్లించిన బకెట్ చూపించాను. తెల్ల ధోవతి కట్టుకున్న మనిషి, సిమెంటు బకెట్ మీద కూర్చున్నాడు. అప్పుడే నాకు సగం సంతోషమైంది.

ఆయనకు ఇనుము, సిమెంటు దుకాణం ఉంది. మా ఆయన పోశాలు మేస్త్రీ. మాది లింగాల ఘనపూర్ దగ్గర పల్లె, పని కోసం జనగామ వచ్చి ఇక్కడే నిలిచాం. 2009లో సేటు ఇంటి కింది అంతస్తు పోశాలే కట్టాడు. దానికి పర్మిషన్ ఉంది, ప్లాన్ ఉంది, అన్నీ ఉన్నాయి. మళ్ళీ 2018లో, మేడారం జాతరకు ముందు, పైన ఇంకో అంతస్తు వేద్దామని సేటు పిలిచాడు. ఈసారి పర్మిషన్ తీసుకోలేదు. "పైన కట్టేదానికి ఎవడు అడుగుతడు?" అన్నాడు.

జాతర అయిన మూడు వారాలకు పైన స్లాబు పోశాం. ఆ రోజే, ఆ స్లాబు అంచు నుంచే పోశాలు పడ్డాడు. అంచు కింద నిలబెట్టిన కర్ర జారింది. నేను అక్కడే ఉన్నాను, తట్ట నెత్తి మీద పెట్టుకుని. కింద సందులో పడ్డ చప్పుడు నా చెవులతో విన్నాను. పరుగెత్తి పోయేసరికి కళ్ళు తెరిచే ఉన్నాడు, "ఏం గాలేదు, ఏం గాలేదు" అంటున్నాడు. వరంగల్ పెద్ద దవాఖాన దారిలో, ఆటోలో, నా ఒళ్ళో పోయాడు.

పోలీసు కాగితంలో మాత్రం ఇంకోటి రాసుంది. 'మద్యం మత్తులో రోడ్డు పక్క మురుగు మోరీలో పడి మృతి.' ఆ రాత రాయించింది ఈ కృష్ణమూర్తి సేటే. నేను ఆటో కోసం రోడ్డు మీదికి పరుగెత్తిన ఆ కాసేపట్లో, స్లాబు దావత్ కోసం తెచ్చిపెట్టిన మందు సీసాల్లో ఒకటి తీసి పోశాలు అంగీ మీద పోశాడు. నేను తిరిగొచ్చేసరికి ఖాళీ సీసా ఆయన చేతిలోనే ఉంది. దవాఖానలో అంగీ వాసన చూసి తాగుబోతు అనేశారు. పోలీసాయన సేటు ఇంటి ముందు బండి మీద నుంచే "పని నడుస్తున్నదా?" అని అడిగితే, "లేదు సార్, మా ఇంట్ల ఏం పని లేదు. ఆయనెవరో రోడ్డు మీద పడ్డడు" అన్నాడు. పైన స్లాబు ఇంకా తడిగానే ఉంది. ఒక్కరంటే ఒక్కరు మెట్లెక్కి చూడలేదు. పని చేసినవాళ్ళను "పర్మిషన్ లేని పని చేసిన్రు, కేసైతే మీరు గూడ లోపల పడ్తరు" అని బెదిరించి పంపేశాడు. నేను స్టేషన్ ముందు రెండు రోజులు మొత్తుకున్నాను. ఆయన అక్కడ పని చేసినట్టు కాగితం ఏదని అడిగారు. పర్మిషన్ లేని పనికి కాగితం ఎక్కడుంటుంది?

పెద్దకర్మ రోజు సేటు బియ్యం బస్తా పంపాడు. మోసుకెళ్ళి ఆయన దుకాణం ముందు విప్పి కుమ్మరించి వచ్చాను. బర్రెలు తిన్నాయి.

పోశాలు చుక్క ముట్టేవాడు కాదు. అక్షర పుట్టినప్పుడు కురవి వీరభద్రస్వామి దగ్గర మొక్కి మానేశాడు, మళ్ళీ తాగలేదు. అలాంటి మనిషి తాగి మోరీలో పడ్డాడని ఊరంతా నమ్మింది. అక్షరకు అప్పుడు పన్నెండేళ్ళు. బడిలో దాన్ని "మోరీల పడ్డోని బిడ్డ" అన్నారు. ఒకరోజు వచ్చి, "అమ్మా, బాపు నిజంగ తాగిండా?" అని అడిగింది. తాగలేదని చెప్పాను. నా మాట నమ్మింది గానీ, నేను భార్యను కదా, ఎవరి భార్య అయినా అట్లాగే చెబుతుంది కదా. పోశాలు ఆ ఇంటి మీద నుంచి పడ్డాడని, తాగలేదని ఈ సేటు నోటితో చెప్పాలి. నాకు వేరే ఏమీ వద్దు. ఏడేళ్ళుగా దీని కోసమే బతికాను. పోశాలు చేతిపని సామాను అమ్మేసి సెంట్రింగ్ డబ్బాలు కొని, ఆడమనిషినైనా స్లాబు పనులు పట్టి, ఈ ఊళ్ళోనే మొండిగా ఉన్నది కూడా అందుకే.

సరే. బకెట్ మీద కూర్చున్న సేటు అసలు సంగతి కక్కాడు. కొడుకు శ్రీనివాస్ భూపాలపల్లిలో దుకాణం పెడతానంటున్నాడట, అందుకని ఇల్లు అమ్ముతున్నాడట. కొనేది అమర్‌సింగ్ అని కొత్తగూడ వైపు తండా నుంచి వచ్చిన పంతులు, ఇక్కడే బడిలో చేస్తున్నాడు. బ్యాంకు లోను మీద కొంటున్నాడు. బ్యాంకువాళ్ళు కింది అంతస్తు కాగితాలు సరే అన్నారు, పై అంతస్తుకు పర్మిషన్ ఏదని పట్టుకున్నారు.

"అది పోయింది రేణుకమ్మా. ఇల్లు సర్దినప్పుడు ఎక్కడనో పడ్డది."

"పర్మిషన్ పోయిందా సేటు?" అన్నాను. అసలు లేనిది ఎట్లా పోతుంది, దొంగ సచ్చినోడా అని లోపల అనుకున్నాను.

"కిందా పైనా రెండూ ఒక్కసారే, 2009ల కట్టినమని చెప్పిన. బ్యాంకు వకీలు, కట్టిన మేస్త్రీతోని రాయించుక రమ్మన్నడు. ఆ పంతులు గూడ ఒకటే పట్టు, మేస్త్రీ మనుషుల్ని అడగనిదే కొననంటడు. ఈ ఇల్లు పోశాలు కట్టిండని గల్లీల అందరికి ఎరుకే. ఇంకెవర్ని తెచ్చినా నమ్మరు. నువ్వొచ్చి, మా ఆయనే రెండంతస్తులు కట్టిండు, 2009ల కట్టిండు అని ఒక్క ఏలిముద్ర వెయ్యి. నీ బిడ్డను మా కొట్ల లెక్కలు రాసే పనికి పెట్టుకుంట."

ఏడేళ్ళ కింద పోశాలు ఎవరో తెలియదన్న నోరు, ఇప్పుడు పోశాలే కట్టాడని చెప్పమంటోంది. నవ్వొచ్చింది. ఆ నవ్వును ఆయన ఒప్పుకోలు అనుకున్నాడు.

నాకు గుర్తొచ్చింది వేరే. స్లాబు రోజు పొద్దున ఇనుప డబ్బాలు నాలుగు తక్కువ పడ్డాయి. వెనక బాత్రూం మీది జాగాకు పాత చెక్కలు పరిచాం. చెక్కల మధ్య సందులుంటే సిమెంటు పాలు కారిపోతాయి, స్లాబు గుల్లబారుతుంది. అందుకని చెక్కల మీద పేపర్లు పరిచి, వాటి మీద కాంక్రీటు పోస్తారు. ఆ పేపరు స్లాబు కింద అంటుకుపోయి ఉంటుంది, సున్నం వేసేదాకా కనిపిస్తుంది. పేపర్ల కోసం కిందికి పోతే విజయలక్ష్మమ్మ, సేటు భార్య, కుర్చీ మీదున్న పేపరు తీసి ఇచ్చింది. నేను నా చేతులతోనే పరిచాను. వెనకే సేటు వచ్చి, "ఇయ్యాల్టి పేపర్! ఇంక నేను సదవనే లేదు. మీకు బుద్ధి జ్ఞానం ఉన్నదా?" అని కూలీలందరి ముందూ తిట్టాడు. అప్పటికే పైన కాంక్రీటు పడిపోయింది.

తర్వాత ఆ బాత్రూం మీద, స్లాబు కిందనే, సామాన్ల అటక కట్టారు. గోడలకు సిమెంటు పూసిన సంపత్ మూడేళ్ళ కింద కూలీల అడ్డా మీద నా పక్కన కూర్చుని, తల వంచుకుని, "అక్కా, సేటు అటక లోపల ప్లాస్టరింగ్ వద్దన్నడు. ఎవడు చూస్తడు, సిమెంటు దండుగ అన్నడు. మీరేసిన పేపర్ ఇంక గట్లనే ఉన్నది" అని చెప్పాడు. ఆ రోజు పనిలో ఉండి నోరు మూసుకున్నవాళ్ళలో సంపత్ ఒకడు. ఆ మాట చెప్పి తన బరువు దింపుకున్నాడు. నేను ఎత్తుకున్నాను. కానీ ఆ ఇంటి గడప నన్నెవరు దాటనిస్తారు? దాటినా, ఆ స్లాబు పోసింది పోశాలే అని రుజువేది? రెండూ లేక మూడేళ్ళు పళ్ళు నూరుకుంటూ ఊరుకున్నాను. ఇప్పుడు ఆ రెండూ పట్టుకుని వాడే వచ్చాడు, పళ్ళ సంచితో సహా.

"వస్త సేటు" అన్నాను. "ఎప్పుడు రావాలె?"

బ్యాంకు ఇంజనీరు కూడా వస్తాడని సేటు చెప్పిన ఆ శుక్రవారం పొద్దున పది గంటలకు పోయాను. అక్షర వెంట వచ్చింది. ట్రాలీ ఆటోలో మా ఇనుప నిచ్చెన కూడా వచ్చింది.

"గీ నిచ్చెన ఎందుకే?" అన్నాడు సేటు.

"ఇంజనీర్ సార్ వస్తడంటివి గద. ఎక్కి చూస్తడేమో. మీ ఇంట్ల నిచ్చెన లేదని నాకెరుకే."

"మంచి పని జేసినవ్" అన్నాడు. అయ్యో, నా తండ్రే!

పైన హాల్లో బ్యాంకు పంపిన ఇంజనీరు దయాకర్, కొనే అమర్‌సింగ్, ఆయన భార్య పుష్ప ఉన్నారు. విజయలక్ష్మమ్మ తలుపు దగ్గర నిలబడింది, నా మొహం చూడలేకపోయింది. పుష్ప గదులన్నీ తిరిగి వచ్చి, "వంటరూం మంచిగున్నది" అని భర్తతో మెల్లగా అంటోంది. పాపం అనిపించింది. రేపు ఈ పై అంతస్తు కూల్చమంటే ఈమె పరిస్థితి ఏమిటి? ఈ సేటు అదేం ఆలోచించలేదు. అమ్ముకుని భూపాలపల్లి పోతాడు, అంతే.

అమర్‌సింగ్ లేచి నాకు కుర్చీ వేశాడు. "అక్కా, మా నాయిన చెప్పేటోడు, ఇల్లు కొనేముందు కట్టినోని అడగాలె అని. మేస్త్రీ లేడన్నరు. నువ్వు ఉన్నవు గద, ఉన్నదున్నట్టు చెప్పు."

"చెప్త సారూ. ముందు సేటు రాసి సంతకం పెట్టాలె. ఆయన ఇల్లు, ఆయన మాట ముందు రావాలె. తర్వాత నేను."

సేటుకు ఇది మర్యాదగా తోచింది. బాండు పేపరు తీశాడు. నేను చెప్పాను, "మా పోశాలు పేరు సక్కగ రాయి సేటు. పై అంతస్తు స్లాబు పోశాలు మేస్త్రీయే, దగ్గరుండి, తన చేతులతోని పోసిండు అని రాయి. ఎన్నడన్న ఎవరన్న కాదంటే?"

"ఎవడు కాదంటడు?" అని ఆయనే రాశాడు. గుండ్రటి అక్షరాలు, దుకాణం చీటీల మీద రాసే అక్షరాలు. సంతకం పెట్టాడు. అమర్‌సింగ్, దయాకర్ సాక్షి సంతకాలు పెట్టారు. అక్షర కాగితం తీసుకుని పైకి చదివింది. 'పోశాలు మేస్త్రీ స్వయంగా' అనే మాట రెండుసార్లు చదివింది. చదివి కాగితం అమర్‌సింగ్ చేతికే ఇచ్చింది. నేను ఇంటి దగ్గర అట్లాగే చెప్పి తెచ్చాను.

"ఇగ నువ్వెయ్యి ఏలిముద్ర" అన్నాడు సేటు, సిరా డబ్బా తెరిచి.

"వేస్త. ఇంజనీర్ సార్ వెనక బాత్రూం మీద అటక చూసిండా? స్లాబుకు చెక్కలు పరిచింది అక్కన్నే. నీళ్ళు కారితే అక్కన్నే కారుతయి."

"అక్కడేమున్నది, పాత సామాను" అన్నాడు సేటు. ఇంకా ఆయనకు వెలగలేదు. చదవకుండానే పోయిన పేపరు ఆయనకు గుర్తు లేదు. మా తిట్లు మాకే గుర్తుంటాయి.

దయాకర్ నిచ్చెన ఎక్కాడు. అటకలోకి దూరి ఫోన్ లైటు వేశాడు. కింద అందరం నిలబడ్డాం. నా చీర కొంగు అక్షర పట్టుకుంది.

"సేటు, మీదికి ప్లాస్టరింగ్ చెయ్యలేదేంది?" అంటూనే ఆగాడు. "పేపర్ ఉన్నది. స్లాబుకే అంటుకొని ఉన్నది."

"తేదీ సదువుండ్రి సార్" అన్నాను.

"ఇరవై రెండు, ఫిబ్రవరి... రెండు వేల పద్దెనిమిది. గురువారం."

ఫొటోలు తీసిన చప్పుడు వినిపించింది. దయాకర్ దిగి, చేతుల దుమ్ము దులుపుకుని, సేటు వైపు చూశాడు. "2009ల పోసిన స్లాబు కింద 2018 పేపర్ ఎట్లొచ్చింది?"

సేటు తల ఎత్తి అటక వైపు చూశాడు. "ఎవరో... తర్వాత అతికిచ్చిన్రు."

"అతికిచ్చింది కాదండీ. దాని మీదనే కాంక్రీటు పోసిన్రు. అంచులు సిమెంట్ల దిగి ఉన్నయి."

"అది నేనిచ్చిన పేపరే" అంది విజయలక్ష్మమ్మ తలుపు దగ్గర నుంచి. ఎవరూ ఆమెను అడగలేదు.

అప్పుడు అక్షర సంచిలోంచి పోశాలు మరణ ధ్రువపత్రం తీసి అమర్‌సింగ్‌కు ఇచ్చింది. దాని మీద కూడా తేదీ ఉంది. ఇరవై రెండు, ఫిబ్రవరి, రెండు వేల పద్దెనిమిది. అమర్‌సింగ్ ఒక చేతిలో అది, ఇంకో చేతిలో సేటు రాసిన కాగితం పట్టుకుని, ఒకదాని నుంచి ఒకదానికి చూశాడు. పంతులు కదా, తొందరగానే అర్థమైంది.

"ఈ స్లాబు పోసింది పోశాలు. పోసింది ఈ రోజు. సచ్చిపోయింది గూడ ఈ రోజే" అన్నాడు మెల్లగా.

"అక్కా, ఆయన గీడ్నే పడ్డడా?" అంది పుష్ప. నేను కిటికీ బయట స్లాబు అంచు చూపించాను. ఆమె నోటికి చేయి అడ్డం పెట్టుకుంది.

"నీ నోట్ల మన్నువడ సేటు!" అన్నాను. ఇక నా గొంతు నా మాట వినలేదు. "నా మొగడు నీ ఇంటి మీదికెల్లి పడితే వాని అంగీ మీద మందు పోస్తివి గదరా! పర్మిషన్ లేదని, నీ ఇల్లు కూలగొడ్తరని, మనిషిని మోరీల పడేస్తివి. నా బిడ్డ ఏడేండ్లు తల వంచుకొని తిరిగింది. ఇప్పుడు సంతకం పెట్టినవు. ఏదీ, ఇప్పుడు చెప్పు, పోశాలు ఎవలో తెల్వదని!"

సేటు ఆ కాగితం కోసం చేయి చాపితే అమర్‌సింగ్ మడిచి జేబులో పెట్టుకున్నాడు. అప్పుడాయన అటు ఇటు చూసి, గబగబా నిచ్చెన ఎక్కాడు. అరవై అయిదేళ్ళ మనిషి, ధోవతి ఎగ్గట్టుకుని అటకలోకి పాకాడు. స్కూటర్ తాళం చెవితో పేపరు గీకడం మొదలుపెట్టాడు. గర్ర్, గర్ర్ అని చప్పుడు. ఫొటోలు దయాకర్ ఫోన్‌లో ఉన్నాయన్న సంగతి కూడా తోచలేదు. సిమెంటు రాలుతోంది గానీ పేపరు రావడం లేదు. పోశాలు కలిపిన సిమెంటు మాలు అది, వీడి తాళం చెవికి రాలుతుందా?

"సేటు" అన్నాను కింద నుంచి. "ఆనాడు పేపర్ సదవనియ్యలేదని తిట్టినవు గద. తీరికగ సదువుకో."

గీకుడు ఆగింది.

అక్షర నిచ్చెన దగ్గరికి నడిచింది. నేను చెప్పి చేయించింది కాదు ఇది. తల ఎత్తి అడిగింది.

"మా బాపు తాగిండా?"

పైన తాళం చెవి జారిపడ్డ చప్పుడైంది.

"నేను మిమ్మల్నే అడుగుతున్న. మా బాపు ఆ రోజు తాగిండా?"

"చెప్పుండ్రి" అంది విజయలక్ష్మమ్మ. ఆమె ఏడుస్తోంది. "ఆ సీసా మీరు ఒంపంగ నేను చూసిన. ఇన్నేండ్లు నేను గూడ ఊకున్న. ఇగ చెప్పుండ్రి."

"లేదు" అన్నాడు సేటు. అటకలోంచి ఆ మాట గుయ్యిమని వినిపించింది. "తాగలేదు. స్లాబు మీదికెల్లే పడ్డడు."

దయాకర్ తల వంచుకున్నాడు. అమర్‌సింగ్ జేబు మీద చేయి వేసి, "అక్కా, ఈ కాగితం నా దగ్గర భద్రం. రేపు పొద్దున నీతోని నేను స్టేషన్‌కు వస్త. మేం విన్నది గూడ చెప్తం" అన్నాడు. ఇల్లు కొనే మాట మళ్ళీ ఎత్తలేదు. పుష్ప వంటగది వైపు ఒక్కసారి చూసి, అక్షర భుజం మీద చేయి వేసింది.

నాకు ఏడుపు వస్తుందనుకున్నాను. రాలేదు. సేటు అటక అంచు నుంచి ఒక కాలు కిందికి చాపి మెట్టు కోసం వెతుకుతున్నాడు. నేను నిచ్చెన పట్టుకుని పక్కకు లాగాను. మాది కదా అది. తెచ్చింది నేను, తీసుకుపోయేది నేను.

ఆయన కాలు గాలిలో ఊగింది. గభాలున వెనక్కి లాక్కుని, స్లాబు కింద ముడుచుకుని, "రేణుకా! నిచ్చెన! నేనెట్ల దిగాలెనే?" అని అరిచాడు.

"పోశాలు దిగినట్టే దిగు సేటు" అన్నాను.

నిచ్చెన ఒక చివర నేను పట్టుకున్నాను, ఇంకో చివర అక్షర పట్టుకుంది. ఇద్దరం మెట్లు దిగి వచ్చేశాం.